గుండె మందు కనుక్కోవాలంటే ఎంపీసీనా, బైపీసీనా?



పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఏడాది పొడవునా నలిగే ప్రశ్న ఒకటుంది: ఎంపీసీనా, బైపీసీనా? లెక్కలు బాగా వస్తే బయాలజీ మానేయమంటాం. డాక్టర్ అవుతానంటే లెక్కలు మానేయమంటాం. గుండె జబ్బులకు కొత్త మందులు ఎలా పుడుతున్నాయో చూశాక ఈ అలవాటు గురించి మరోసారి ఆలోచించండి.

2003లో ఫ్రాన్స్‌లోని కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండటానికి పీసీఎస్‌కే9 అనే జన్యువులోని మార్పు కారణమని తేలింది. 2006లో అమెరికా పరిశోధకులు దీనికి ఎదురు సంగతి బయటపెట్టారు. ఈ జన్యువు పుట్టుకతోనే సరిగా పనిచేయనివారిలో చెడు కొలెస్ట్రాల్ తక్కువగా ఉంది, గుండె జబ్బు ముప్పు కూడా బాగా తక్కువ. అయితే ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను మందుతో అడ్డుకుంటే? ఆ పని చేసే ఇంజెక్షన్లకు 2015లో అనుమతి వచ్చింది.

ఇలాంటి జన్యువులను వెతకడంలో ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ తోడైంది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్‌లో సుమారు 5 లక్షల మంది ఆరోగ్య వివరాలు, డీఎన్‌ఏ సమాచారం ఉన్నాయి. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో అక్కడి 46 లక్షల ఎంఆర్ఐ చిత్రాల్లో, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం వెడల్పును కంప్యూటర్ కొలిచింది. మనుషులు కూర్చుని కొలవగలిగే లెక్క కాదది. ఆ కొలతలను డీఎన్‌ఏతో పోల్చి చూస్తే, ఆ వెడల్పుతో సంబంధమున్న జన్యు స్థానాలు పదుల సంఖ్యలో దొరికాయి.

అయితే, ఈ రెండూ కలిసి కనిపిస్తున్నాయని చెప్పడం వరకే కంప్యూటర్ పని. ఒకటి మరొకదానికి కారణమా, అక్కడ మందు వేస్తే శరీరంలో ఇంకేం జరుగుతుంది అన్నవి బయాలజీ తెలిసినవాళ్లు తేల్చాలి. ఆ తర్వాత ల్యాబ్ పరీక్షలకు, రోగులపై ట్రయల్స్‌కు ఏళ్లు పడుతుంది.

మనకు సంబంధించిన సంగతి మరొకటుంది. డేటాలో లేనిదాన్ని కంప్యూటర్ నేర్చుకోలేదు. యూకే బయోబ్యాంక్‌లో ఉన్నవారిలో అత్యధికులు యూరప్ మూలాలవారే. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఇతర దేశాలవారితో కలిసి 2009లో ప్రకటించిన ఒక ఫలితం చూడండి. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపిస్తే గుండె కండరం దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. భారత ఉపఖండంలో వందలో దాదాపు నలుగురికి ఈ లోపం ఉంది. యూరప్ వాళ్ల డేటాలో వెతికితే ఇది దొరికేది కాదు. మనవాళ్ల డీఎన్‌ఏను మనవాళ్లే చదవాలి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10 వేల మంది జన్యు సమాచారంతో ఆ పని మొదలుపెట్టింది. దాన్ని ముందుకు తీసుకెళ్లాల్సింది ఇప్పుడు మన క్లాసుల్లో ఉన్న పిల్లలే.

‘ఉన్న సిలబస్సే మోయలేకపోతుంటే ఇంకోటా?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంకో కోచింగ్‌లో చేర్పించమని నేను చెప్పడం లేదు. సీబీఎస్‌ఈలో లెక్కలతో పాటు బయాలజీ తీసుకునే వీలుంది. ఆసక్తి ఉన్న పిల్లలను ఆపకండి. ఎంపీసీ తీసుకున్న అమ్మాయి జన్యువుల గురించి చదువుతుంటే టైమ్ వేస్ట్ అనకండి. బైపీసీ అబ్బాయి సెలవుల్లో స్టాటిస్టిక్స్, పైథాన్ నేర్చుకుంటానంటే సరేననండి.

గ్రూపు ఎంచుకునే ముందు, ఏ సబ్జెక్టు వదిలేయడం వాళ్లకు కష్టంగా ఉందో ఒక్కసారి మీ పిల్లలనే అడగండి.