అమీను ఎవరికి విరోధి?

మన ఇండ్లలో గొంతు తగ్గించి చెప్పుకొనే మాటలు కొన్ని ఉన్నవి. 'అమీను' అనే మాట వాటిలో ఒకటి. "ఫలానావారి ఇంటికి అమీను వచ్చాడట" అని చెప్పేవారు కూడా అటూ ఇటూ చూచి చెబుతారు. వేలూరు లాంగుబజారులో గాని, గుడియాత్తం తరణంపేటలో గాని, వారంటు చేతబట్టుకొని అమీను వీధిలో అడుగు పెట్టాడంటే చాలు, అరుగుల మీద మాటలు ఆగిపోతవి. అప్పు ఎంత, ఎన్నాళ్ళది, ఇచ్చినవారి గతి ఏమి అన్న ప్రశ్న ఎవరికీ తోచదు. "ఎంత కసాయివాడమ్మా, పచ్చని కాపురాన్ని వీధిన పెట్టడానికి వచ్చాడు" అనుకోవడంతో సరి.

ఈ నెల మేము ఆ అమీను తరపున నాలుగు మాటలు చెప్పదలచినాము. పాఠకులు కోపగించకుండా చివరిదాకా చదువవలెనని మనవి.

'అమీను' అన్నది అరబ్బీ మాట. నమ్మదగినవాడని దాని అర్థము. అతడు జడ్జి కాడు, అప్పిచ్చినవారి మనిషీ కాడు. కోర్టు నౌకరు. నాజరు దగ్గర వారంటు తీసుకొంటాడు, అందులో చెప్పిన ఇంటికి పోతాడు, చెప్పిన పని చేస్తాడు, ఏమి జరిగిందో వ్రాసి గడువు తేదీలోగా కోర్టుకు అప్పగిస్తాడు. డిక్రీ ఇచ్చేది అతడు కాదు, వడ్డీ లెక్క కట్టేది అతడు కాదు, వేలం డబ్బు చేరేదీ అతనికి కాదు. తిట్లు మాత్రం అతనికే చేరుతవి.

తిట్టేవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. బాకీ వసూలుకు వచ్చేవారందరిలోనూ చట్టం ఎక్కువగా చేతులు కట్టివేసింది అమీనువే. 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజర్ కోడ్ నేటికీ అమలులో ఉన్నది. దాని ప్రకారం ప్రొద్దు గుంకిన తరువాత, ప్రొద్దు పొడవక ముందు, జప్తు కోసం అతడు ఒకరి కాపురపు ఇంట్లో ప్రవేశించరాదు. ఆ ఇల్లు బాకీదారుని స్వాధీనంలో ఉండి, అతడు లోపలికి రానివ్వకపోతే తప్ప వీధి తలుపు పగులగొట్టరాదు. అవసరమైన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు జప్తు చేయరాదు. మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుండి తీయరాని నగను ముట్టరాదు. మన ఇండ్లలో అది మంగళసూత్రమే గదా! సేద్యగానికి నాగలి, జీవనానికి కావలసిన ఎడ్లు, విత్తనపు గింజలు విడిచిపెట్టవలె. చేతిపనివానికి పనిముట్లు విడిచిపెట్టవలె. అంటే మన గుడియాత్తం నేతగానికి మగ్గం అన్నమాట. డబ్బు డిక్రీ కోసం స్త్రీని అరెస్టు చేయడానికి అసలే వీలులేదు.

ఇక అమీను కాని వసూలుదార్ల సంగతి చూడండి. కందు వడ్డీ, మీటరు వడ్డీ అనే పేర్లు మన జిల్లాలో తెలియనివారు లేరు. వారి ఆగడాలు పట్టలేకనే తమిళనాడు ప్రభుత్వం 2003లో ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో చిన్న అప్పుల కంపెనీల వసూళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగినవన్న గగ్గోలు మీద 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2020 చివర హైదరాబాదులో సెల్‌ఫోను అప్పుల యాప్‌ల మీద పోలీసులు కేసులు పెట్టినారు. ఆ యాప్‌ల మనుషులు బాకీదారుని ఫోనులో ఉన్న బంధుమిత్రులందరికీ ఫోన్లు చేసి పరువు తీసేవారు. వసూలు ఏజంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో బ్యాంకులకు, అప్పుల కంపెనీలకు చెప్పింది. అమీనుకు ఆ కట్టుబాటు నూరేళ్ళకు పైబడి ఉన్నది.

అయినా మన వీధి నడత చూడండి. మీటరు వడ్డీ మనిషి రాత్రి పదింటికి నలుగురిని వెంటబెట్టుకొని వస్తే ఎవరూ కసాయి అనరు. తలుపులు మూసుకొంటారు. కాగితం చూపి, సంతకం తీసుకొని, పట్టపగలు వచ్చిన అమీనును మాత్రం ధైర్యంగా తిడతారు. అతడు తిరిగి తిట్టడని, కొట్టడని అందరికీ తెలుసు.

బాకీదార్లలో రెండు రకాలున్నారు. లేక ఇవ్వనివాడొకడు, ఉండి ఇవ్వనివాడొకడు. ఈ ఇద్దరినీ మనము తారుమారుగా చూస్తున్నామని మా అభిప్రాయము.

మొదటివాడు మగ్గం మీద బ్రతికేవాడు కావచ్చు. నూలు ధర పెరిగి, లుంగీలు అమ్ముడుపోక చితికిపోయినాడు. లేదా ఇంట్లోవారి జబ్బుకు ఆస్పత్రి ఖర్చులు పెట్టి అప్పులపాలైనాడు. అతడు పెండ్లికి పిలిచినా రాడు. ఎదురుపడితే తల వంచుకొని పోతాడు. అతని పిల్లలను చూచి మనము గుసగుసలాడుతాము. రెండవవాడు పెండ్లి పందిట్లో ముందు వరుసలో కూర్చుంటాడు. వైకాశి మాసంలో గంగమ్మ శిరస్సు ఉత్సవానికి అన్నదానం చేస్తాడు. ఇల్లు భార్య పేర, దుకాణము బావమరిది పేర వ్రాసి ఉంటాడు. కోర్టు నోటీసు వస్తే వీధి తలుపుకు బయట తాళం పడుతుంది. అమీను వస్తే బీరువా తమ్మునిదని తమ్ముడే కోర్టులో అర్జీ పెడతాడు. అప్పులవారిని ఎగగొట్టడానికి చేసిన ఇటువంటి బదిలీలను కొట్టివేయించడానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే దారి ఉన్నది గాని, ఆ దారిన నడచి చేరేసరికి అప్పిచ్చినవాని కాళ్ళు అరిగిపోతవి. ఇంత చేసినవానిని మనము ఏమంటాము? "గట్టివాడయ్యా, కోర్టునే త్రిప్పి పంపినాడు" అంటాము.

మన భాషనే చూడండి. ఎగనామం పెట్టాడు, కుచ్చుటోపీ వేశాడు, చేతులెత్తేశాడు, ఐ.పి. పెట్టాడు. మన ఊళ్ళలో అరవంవారు 'మంజళ్ కడుదాసి' ఇచ్చేశాడంటారు. అన్నీ నవ్వు పుట్టించే మాటలే. డబ్బు పోగొట్టుకొన్నవాని కోసం ఇంత చక్కని మాట ఒక్కటైనా కల్పించుకొన్నామా? 1959లో వచ్చిన 'అప్పుచేసి పప్పుకూడు' సినిమా చూచి మన పెద్దలు నవ్వినారు, మేమూ టీవీలో చూచి నవ్వినాము. సినిమాలో నవ్వవచ్చు. మన వీధిలోనూ అదే నవ్వు నవ్వితే ఎవరో ఒకరు దాని ఖరీదు కట్టవలసి వస్తుంది.

అప్పిచ్చినవాడంటే మన మనసులో ఒక బొమ్మ ఉన్నది. బొజ్జ, వ్రేళ్ళకు ఉంగరాలు, ముందర ఇనుప పెట్టె. కాని కోర్టుకు ఎక్కేవారందరూ అటువంటివారు కారు. మేము ఎరిగిన ఒకామె ఉన్నది. భర్త పోయినప్పుడు ఆఫీసు నుండి వచ్చిన సొమ్ములో మూడు లక్షలు, వ్యాపారానికని అడిగితే దగ్గరి బంధువుకు ప్రోనోటు మీద ఇచ్చింది. కూతురి చదువుకు దాచిన డబ్బది. అడిగినప్పుడల్లా "అక్కా, శిరస్సు కాగానే ఇచ్చేస్తాను" అనేవాడు. శిరస్సులు రెండు దాటినవి. నోటుకు మూడేండ్లు నిండితే కాలదోషం పడుతుంది. తిరగవ్రాసి ఇవ్వమంటే "నా మీద నమ్మకం లేదా అక్కా?" అన్నాడు. గడువు ఇంక పదిరోజులున్నదనగా ఆమె దావా వేసింది. డిక్రీ వచ్చింది. అమీను వచ్చిన రోజున వీధి అంతా ఆ బంధువు పక్షమే. "మొగుడు పోయినదానికి ఇంత డబ్బాశ ఎందుకో" అన్నవారు కూడా ఉన్నారు. నాటి నుండి పండుగలకు, పేరంటాలకు రావడం మానుకొన్నది ఆమె. బాకీదారుడు మానుకోలేదు.

డిక్రీ చేతికి వస్తే డబ్బు వచ్చినట్టే అనుకొనేవారు అమాయకులు. ఈ దేశంలో వ్యాజ్యగాని కష్టాలు డిక్రీ పుచ్చుకొన్నప్పుడే మొదలవుతవని లండనులోని ప్రివీ కౌన్సిల్ 1872లోనే గ్రహించింది. డిక్రీ అమలు అర్జీలను ఆరు నెలలలో తేల్చవలెనని మన సుప్రీం కోర్టు 2021లో ఉత్తరువు చేసింది. తమిళనాడు నుండే వెళ్ళిన ఒక కేసులో 2025లో లెక్కలు తెప్పించి చూస్తే, దేశంలో 8 లక్షల 82 వేలకు పైగా అటువంటి అర్జీలు పెండింగులో ఉన్నవని తేలింది. ఆ కట్టల మధ్య బొజ్జల షావుకార్లే కాదు, పైన చెప్పిన అక్కగారి వంటివారూ ఉన్నారు. వారందరికీ న్యాయం అంటే, ఒక రోజున ఒక అమీను ఒక తలుపు తట్టడమే.

పెద్దవారి బాకీల సంగతి వేరు అనవచ్చు. మన ప్రక్కనున్న ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా అప్పుల కథ లోకప్రసిద్ధము. కంపెనీ ఉద్యోగులే అధిక వడ్డీలకు అతనికి అప్పులిచ్చి, జిల్లాల శిస్తులు తాకట్టు పెట్టించుకొన్నారు. 1785లో ఎడ్మండ్ బర్కు ఇంగ్లండు పార్లమెంటులో ఆ బాకీల మీద పెద్ద ఉపన్యాసమే చేసినాడు. నవాబు వాకిటికి అమీను పోలేదు. శిస్తు కట్టిన రైతు మాత్రం ఆ వడ్డీని చెమటతో మోసినాడు. ఉండి ఎగవేసేవానికి మర్యాద చేయడం మనకు నిన్న మొన్న వచ్చిన అలవాటు కాదనడానికే ఈ కథ చెప్పినాము.

గుమాస్తాలమైన మాకు ఇంకొక తీరు జప్తు కూడా పరిచయమే. కోర్టు నుండి ఉత్తరువు వస్తే జీతంలో కోత వేయవలసినవారము మేమే. అక్కడా చట్టం కనికరం మరువలేదు. జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టరాదు. జప్తుకు లోబడే జీతం 31,000 అయితే, కోత 10,000 దాటదు. అదీ ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలలే. అయినా ఆ కాగితం వచ్చిన రోజున ఆఫీసులో నవ్వులు, సైగలు. పాపం, ఆ ఉద్యోగి నెలనెలా బాకీ తీరుస్తున్నాడు! అతనిని చూచి నవ్వి, ఎగవేసినవానిని చూచి మెచ్చుకోవడం ఎక్కడి న్యాయము?

వీధికి తెలియని తేడా చట్టానికి తెలుసు. చెల్లించే తాహతు ఉండి చెల్లించనివానిని, ఆస్తి దాచినవానిని, పారిపోజూచేవానిని తప్ప, బాకీ కోసం జైలుకు పంపరాదని 1936లోనే కోడును సవరించినారు. బీదతనం నేరం కాదని 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ సుప్రీం కోర్టు తీర్పులో గట్టిగా చెప్పినారు. ఐ.పి. అని మనము నవ్వే 1920 నాటి దివాలా చట్టం కూడా, ఉన్నదంతా దాచకుండా కోర్టు ముందు పెట్టి మళ్ళీ బ్రతుకు మొదలుపెట్టదలచిన నిజాయితీపరుని కొరకు పుట్టింది. ఎగవేతగాండ్రు దానిని వాడుకోవడం వలన దానికీ చెడ్డపేరు వచ్చింది.

తండ్రి బాకీ కొడుకు తీర్చవలెనన్నది పాత హిందూ న్యాయము. 2005 సవరణ తరువాత చేసిన అప్పులకు కోర్టులో ఆ న్యాయం చెల్లదు. మంచిదే, తండ్రి తప్పుకు కొడుకు ఎందుకు నలగవలె? కాని ఆ కాలంలో సిగ్గు అప్పు తీరనందుకు ఉండేది. ఇప్పుడు అమీను వచ్చినందుకు మాత్రమే సిగ్గు. ఆ సిగ్గు దాని పాత చోటికి పోవలెనని మా కోరిక.

కనుక చేతనైనంతలో మా సలహా ఇది. ఇచ్చేవారు బంధువైనా కాగితం మీదనే ఇవ్వండి, వచ్చిన ప్రతి రూపాయికీ నోటు వెనుక చెల్లు వ్రాయండి. తీర్చలేనివారు దాగుకోకండి. దావాలో హాజరై, నెలకు ఇంత చొప్పున కడతానని వాయిదాలు కోరవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకొంటే దావా వేసినప్పుడు కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. ఇరుగుపొరుగు వారు, అమీను వచ్చినప్పుడు తిట్టడానికి ముందు అప్పు కథ ఏమిటో ఒకసారి అడగండి.

అన్నిటికంటె ముఖ్యము, తలుపు తట్టిన చప్పుడుకు లోపల కూర్చొని, "నాయన ఊళ్ళో లేడని చెప్పురా" అని బిడ్డను బయటికి పంపకండి. అమీను ఆ మాట వ్రాసుకొని వెళ్ళిపోతాడు. వాయిదా తరువాత బాకీ ఎప్పుడో ఒకప్పుడు తీరవచ్చు, తీరకపోవచ్చు. తండ్రి లోపల ఉండగా లేడని చెప్పడం ఆ బిడ్డ ఆనాడే నేర్చుకొంటాడు. అతడు పెద్దవాడై అప్పు తీసుకొనే నాటికి ఆ పాఠం మరచిపోడు సుమా!