సైకిల్ చైన్ దాటి రండి, వర్మగారూ

రాంగోపాల్ వర్మ గారికి,

తిరువూరు నుంచి రాస్తున్నాను. కానూరు సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు కాబట్టి బెజవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం పోయే దారిలో మా ఊరి పేరు మీరు వినే ఉంటారు.

1989 అక్టోబరు 5న మీ సినిమా ‘శివ’ వచ్చేసరికి బెజవాడ ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య జరిగి పది నెలలు కూడా కాలేదు. బెజవాడ కర్ఫ్యూల కబుర్లు ఇంకా చల్లారలేదు. పిల్లల్ని అక్కడి కాలేజీలకు పంపడానికి మా పెద్దవాళ్లు జంకుతున్న రోజులు. మీ సినిమాలో కాలేజీ ఎన్నిక వెనక రౌడీ భవాని, భవాని వెనక రాజకీయ నాయకుడు మాచిరాజు. ఈ వరస మాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మీరు చదువుకునే రోజుల్లో చూసిందే తీశానని తర్వాత మీరే చెప్పారు. అది తెరమీద తెలిసిపోయింది కూడా.

(మీ శివలా సైకిల్ చైను లాగబోయి అరచెయ్యి కోసుకున్నవాడొకడు మా బ్యాచ్‌లో ఉన్నాడు. సైకిలు వాళ్ల నాన్నది. గాయానికి కట్టు కట్టింది డాక్టరు, వీపుకి పని చెప్పింది నాన్న.)

2025 నవంబరులో ‘శివ’ 4కెలో మళ్లీ విడుదలైతే మా అబ్బాయిని తీసుకెళ్లాను. చైను సీన్‌కి వాడు ఉలకలేదు. అంతకంటే పెద్ద ఆయుధాలు వాడు చాలానే చూశాడు: ‘సమరసింహారెడ్డి’ నాటి వేటకొడవళ్లు టీవీలో, ‘పుష్ప’ గొడ్డలి హాల్లో. ఇంటికొచ్చాక వాడడిగింది ఒక్కటే: “నాన్నా, కాలేజీల్లో నిజంగా ఎన్నికలు జరిగేవా?”

ఆ ప్రశ్నే ఈ ఉత్తరం రాయించింది. మీ కథకు పునాది అయిన విద్యార్థి ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. పునాది పోయినా తెరమీద హింస మేడ మాత్రం అంతస్తు మీద అంతస్తు లేస్తూనే ఉంది.

పొద్దున్నే మా మెయిన్ రోడ్డు మీద కాలేజీ బస్సు కోసం నిలబడే కుర్రాళ్లకి భవాని ఎదురుపడడు. ఫోన్లో ఉంటాడు. లోన్ యాప్‌లో అయిదు వేలు తీసుకున్న పాపానికి, మార్ఫింగ్ ఫొటో చుట్టాలందరికీ పంపుతామని రాత్రి పన్నెండింటికి మెసేజ్ పెడతాడు. బెట్టింగ్ యాప్‌లో మొదట గెలిపించి తర్వాత ఊడ్చేస్తాడు. పగలు ఇంకో తలనొప్పి: రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు, ముందు మీరు కట్టండి అనే ఫీజు కౌంటరు. మూడో ఏడాదికి పేరుకున్న బ్యాక్‌లాగులు సరేసరి. వీటిలో దేన్ని చైనుతో కొట్టాలి?

ఇవి తీస్తే ఆడవని అనకండి. 2025లోనే ‘కోర్ట్’ వచ్చింది. పెద్దింటి పిల్లని ఇష్టపడినందుకు పోక్సో కేసులో ఇరుక్కున్న పందొమ్మిదేళ్ల పేద కుర్రాడి కథ. పెద్ద హీరో లేడు. అయినా జనం చూశారు. ఆట వదిలాక మా వాళ్లు బళ్లు స్టార్ట్ చెయ్యకుండా అరగంట వాదించుకున్నారు. ‘శివ’ చూసిన రోజు మేమూ అంతే.

అప్పుడు మీరు చేసింది ఒక్కటే: పక్క బెంచీలో ఏం జరుగుతోందో చూశారు. ఇంకోసారి చూడండి. మా ఊరి నుంచి కాలేజీ బస్సు ఏడింటికల్లా బయల్దేరుతుంది. కిటికీ పక్క సీటు ఆపి ఉంచమని పిల్లలకు చెప్తాను.

ఇట్లు,
‘శివ’ని రెండు తరాలతో చూసిన తిరువూరు ప్రేక్షకుడు