ఇసుక రీచ్ తెరవక ముందే బోరు నీళ్లు కొలవండి

కృష్ణలో ఇసుక ఎంత లోతుకు తోడుతున్నారని నిలదీసేవాళ్లు అప్పుడప్పుడైనా కనిపిస్తారు. కరకట్టకు ఇవతల బోర్లలో నీళ్లు ఏమవుతున్నాయని అడిగేవాళ్లు అరుదు. చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్లకు అసలు ముప్పు అక్కడే పొంచి ఉంది.

సముద్రం దగ్గరున్న డెల్టా మనది. దివిసీమలో, దాని అంచున భూమి కింద ఉన్నదంతా మంచినీరు కాదు. చాలాచోట్ల ఉప్పునీటి మీద మంచినీరు పలచగా నిలిచి ఉంటుంది. దాన్ని నిలబెడుతున్నవి ఏరు, కాలువలు, వాటి నీటిని పట్టి ఉంచే ఇసుక పొరలు. సముద్ర మట్టానికి పైన అడుగు మంచినీరు ఉంటే, కింద సుమారు 40 అడుగుల దాకా ఉప్పునీటిని అది అణచి ఉంచుతుందని తీరప్రాంత జలశాస్త్రం లెక్క. పైన ఒక్క అడుగు పోతే కింద నుంచి ఏం ఎగదన్నుకొస్తుందో ఆలోచించండి. ఏట్లో ఇసుకను ఊట మట్టం దాటి తోడితే, పక్క పొలాల కింది నీరు ఆ గుంటలోకి జారుతుంది. వేసవిలో అయితే కాలువలూ కట్టేసి ఉంటాయి, జారిపోయిన నీటికి బదులు వచ్చే నీరు ఉండదు. టిప్పర్లు ఎక్కువగా తిరిగేదీ అప్పుడే.

ఈ చెడు చప్పుడు లేకుండా వస్తుంది. ఫిల్టర్ పాయింట్ నీళ్లకు సబ్బు నురగ రాదు. కొన్నాళ్లకు నారుమడిలో ఆకుల కొసలు మాడతాయి. క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటితే గానీ నాలుకకు ఉప్పు తెలియదు. తాగునీటికి మన దేశ ప్రమాణం వాంఛనీయమన్న హద్దూ అదే. టిన్ను నీళ్లు తాగుతున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకు ఒక మాట: గేదెలకూ నారుమళ్లకూ టిన్ను నీళ్లు పోయలేరు.

నిబంధనలు లేక కాదు. తవ్వకం 3 మీటర్లు గానీ నీటి మట్టం గానీ, ఏది ముందు తగిలితే అక్కడే ఆపాలని కేంద్ర పర్యావరణ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉండనే ఉంది. అయినా కృష్ణలో అక్రమ ఇసుక తవ్వకాలను ఆపలేదని 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రానికి 100 కోట్ల రూపాయల మధ్యంతర జరిమానా వేసింది. 2024 జూలై నుంచి ఉచిత ఇసుక విధానం వచ్చింది. ఇసుక ఉచితం కావచ్చు, దాని కింది నీరు ఉచితం కాదు.

ముందే కొలవకపోతే ఏమవుతుందో కడప జిల్లా తుమ్మలపల్లె చెబుతుంది. అక్కడ యురేనియం శుద్ధి వ్యర్థాల చెరువు చుట్టూ ఉన్న రైతులు తమ బోర్లు పాడయ్యాయన్నారు, అరటి తోటలు దెబ్బతిన్నాయన్నారు. దానికి కారణం మేం కాదని ఆ యురేనియం సంస్థ అంది. 2018లో కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసులిచ్చింది. ఇసుక వేరు, యురేనియం వేరు, నిజమే. తగువు మాత్రం ఒక్కటే: తవ్వకానికి ముందు ఆ బోరు నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పే కాగితం రైతు చేతిలో లేకపోతే, తర్వాత అతని మాట ఎవరూ వినరు.

కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలక బావుల్లో నీటి మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. నాణ్యత చూసేది మాత్రం సాధారణంగా ఏడాదికోసారే, వానలకు ముందు. ఏటిగట్టు రీచ్‌కు అది చాలదు. నడకుదురు లాంటి ఏటిగట్టు ఊళ్లలో కరకట్ట పక్కన కొన్ని, లోపలి పొలాల్లో కొన్ని బోర్లు ఎంచుకోవాలి. లోతు రాసుకుని, నెలనెలా అవే బోర్లను అదే లోతు నుంచి చూడాలి. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ పెన్ను కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అంకె పెరుగుతోందని అది చెబుతుంది గానీ, ఏది పెరుగుతోందో చెప్పదు. క్లోరైడ్, నైట్రేట్ తేల్చాల్సింది గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబే. కొలిచేది కాంట్రాక్టరు మనిషి కాకూడదు. అంకెలు పంచాయతీ గోడ మీద కనబడాలి.

2014 నవంబరు నుంచి తెల్లవారకముందే చీపుర్లు పట్టి వీధులు ఊడుస్తున్న స్వచ్ఛ కార్యకర్తలున్న ఊరు చల్లపల్లి. నెలకోసారి పది బోర్ల నీళ్లు పట్టడం ఈ ఊరికి కష్టమేమీ కాదు. జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్ష నేర్చుకున్న మహిళలను పిలవండి, కిట్లు బయటికి తీయించండి. వచ్చే గ్రామసభలో ఒక్క తీర్మానం చేయండి: బోర్ల తొలి అంకెలు రిజిస్టరులో ఎక్కేదాకా ఏ రీచ్‌లోనూ పొక్లెయిన్ దిగకూడదు.