కథ ఎప్పుడు షురూ అయితది?

"అక్కా, కథ ఎప్పుడు షురూ అయితది?"

మూడో ఆదివారం మా జూనియర్ అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి మేం ఏడుగురం హాస్టల్ టెర్రస్ మీద కూర్చొని పింగళి సూరన 'కళాపూర్ణోదయం' చదువుతున్నాం. పద్యం చదవడం, తాత్పర్యం చూసుకోవడం, తెలియని మాటకు నిఘంటువు తిరగేయడం. గంటకు నాలుగు పేజీలు కూడా కదలట్లేదు.

నిజానికి ఈ సెమిస్టర్‌కి అందరూ అడిగింది ఇంగ్లిష్ రొమాంటసీ. మాయలు, శాపాలు, వందల పేజీల పాటు మెల్లగా రాజుకునే ప్రేమ కావాలన్నారు. "అలాంటిది మనకీ ఉంది, 16వ శతాబ్దంలోనే రాశారు" అని పట్టుబట్టింది నేనే. కాబట్టి తిట్లు కూడా నాకే.

మొదలు మాత్రం మన ఊరికి సరిపోయేదే. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగుతుంటుంది. పైన ఆకాశంలో నారదుడు, శిష్యుడు మణికంధరుడు. అటుగా విమానంలో రంభ, నలకూబరుడు. గగన్‌పహాడ్‌లో ఈ సీన్ చదువుతుంటే నిజం విమానాలు నెత్తి మీదుగా దిగుతుంటాయి. ఆ మోత తగ్గేదాకా పద్యం ఆపి, మళ్లీ అందుకునేవాళ్లం.

ఆ తర్వాత మాత్రం ఓపిక పరీక్ష. కొత్త మనుషులు వస్తూనే ఉంటారు. ఒక కథలోంచి ఇంకో కథ. ఎవరికి ఎవరు ఏమవుతారో తెలీదు. మొత్తం ఎనిమిది ఆశ్వాసాలు. సగానికి అటూ ఇటూగా వచ్చాకగానీ ముడులు విడవవు. రంభ రూపంలో కలభాషిణి, నలకూబరుడి రూపంలో మణికంధరుడు కలుసుకున్నారని తెలిసిన రోజు టెర్రస్ మీద అరుపులే అరుపులు. ఇద్దరూ మోసం చేశారు, ఇద్దరూ మోసపోయారు. ఇది ప్రేమేనా అని మొదలైన వాదన మెస్ మూసేదాకా సాగింది.

నాకు బాగా పట్టింది సుగాత్రి, శాలీనుల కథ. ఆమె నగలన్నీ పెట్టుకొని ఎదురొస్తే భర్త కన్నెత్తి చూడడు. నగలు తీసేసి తోటపనిలో చేయి వేసినప్పుడు మనసు పారేసుకుంటాడు. తొందరపడి చదివితే ఇది రెండు లైన్ల కథ. ఆగి చదివితే, పక్కనున్న మనిషి మనకు ఎప్పుడు కనిపిస్తారు అనే ప్రశ్న.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. క్లబ్‌లో ఒక ప్రతిపాదన వచ్చింది: 50 పేజీల్లో పట్టుకోని పుస్తకాన్ని వదిలేద్దాం అని. వాళ్ల బాధ నాకు తెలుసు. ల్యాబ్ రికార్డులు, ఇంటర్నల్స్, ప్లేస్‌మెంట్ టెస్టులు. ఏడుగురిలో ముగ్గురు మధ్యలోనే మానేశారు. వాళ్లని బద్ధకస్తులు అనను. పాత భాష కష్టమే. నాకూ చాలా పద్యాలు సగమే అర్థమయ్యాయి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లిష్ అనువాదం 2002లో వచ్చింది. చిక్కుపడ్డ చోట అందులో చూసుకోవడంలో తప్పేం లేదు.

కానీ ఆ 50 పేజీల రూల్ ఉంటే కళాపూర్ణోదయం రెండో వారమే అటకెక్కేది. ఇలాంటి పుస్తకంలో మొదటి పేజీల విలువ తర్వాతి పేజీల్లోనే తేలుతుంది. పసిపాప మధురలాలస తన పోయిన జన్మ కథ చెప్తుంటే, ఉయ్యాల సీన్ మళ్లీ గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. మాలో ఒకడు ముందే సమ్మరీ చదివేశాడు. ఎవరు ఎవరో వాడికి మొదటినుంచీ తెలుసు. మేం అరిచిన రోజు వాడొక్కడే అరవలేదు. "ఛ, చదవకుండా ఉండాల్సింది రా" అన్నాడు.

ఒంటరిగా అయితే నేనూ వదిలేసేదాన్నే, ఒప్పుకుంటా. వచ్చే ఆదివారం మిగతావాళ్లు ఎదురుచూస్తారన్న మొహమాటమే నన్ను నడిపించింది. క్లబ్ ఉన్నదే అందుకు కదా? వేగంగా అయిపోయే పుస్తకానికి క్లబ్ ఎందుకు, ఒక్క రాత్రి చాలు.

అందుకే ఓటింగ్‌లో నా మాట ఇది: పుస్తకం సగం దాకా చదువుదాం, అప్పుడు వదలాలంటే వదులుదాం. ఏడాదికి ఒక్కటైనా నెమ్మది పుస్తకం ఉండాలి. మానేసిన ముగ్గురికీ ఒక మాట. ఇంకా రెండు ఆశ్వాసాలు మిగిలే ఉన్నాయి. జరిగిన కథ చెప్పడానికి మా జూనియర్ రెడీగా ఉంది. కథ ఎప్పుడు షురూ అయిందో ఇప్పుడు తననే అడగండి.