మా డాబా మీద యాంటెన్నా

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమని ఊడ్చేసింది. మా అల్లవరంలో ఫోన్లు మూగబోయాయి. పక్కూళ్ళో అత్తయ్యావాళ్ళు క్షేమమని తెలియడానికి మూడ్రోజులు పట్టింది.

అందుకే హామ్ పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, మొన్న సెలవుల్లో మా డాబా మీద డ్యూయల్ బ్యాండ్ యాంటెన్నా పెట్టాను. మన దగ్గర 144-146, 434-438 మెగాహెర్ట్జ్. రెండోదాన్ని కొబ్బరాకులు ఎక్కువగా మింగేస్తాయి, తోటల్లో మొదటిదే నయం. కరెంటు లేకున్నా 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది.

"చేతిలో సెల్లుండగా ఇదెందుకురా?" అన్నారు నాన్న. టవర్లో డీజిలయిపోతే సెల్లూ బొమ్మే కదా! ఆఫీసులో సర్వర్‌కి బ్యాకప్ లేకపోతే మనకి నిద్రపట్టదు. మరి కన్నఊరికో?

కాకపోతే నేనొక్కణ్ణే పిలిస్తే లాభంలేదు, అవతల పలికేవాడుండాలి. 12 ఏళ్ళు నిండినవాళ్ళెవరైనా పరీక్ష రాయొచ్చు. ఊరికొకరైనా రాయాలంటాను. మీరేమంటారు?