అలల చార చెక్కకు తొందర పనికిరాదు

గరిటె కొయ్య మొదలు పూజ పీట వరకు మన ఇళ్ళల్లో చెక్క లేని చోటుందా? అయినా నునుపు చెయ్యడం అనేసరికి, ‘అది వడ్రంగి పనిలే’ అనేస్తాం. పిండిలో బరక ఎక్కడుందో వేళ్ళతోనే కనిపెట్టే మనకు ఇదేమంత తెలియని పని కాదమ్మా.

ఈ వారం అడిగింది మా డోన్‌లోనే ఉండే ఒక తల్లి. కాలేజీ చదివే కొడుకు సొంతంగా గిటారు చేసుకుంటున్నాడట. అమ్మమ్మ నాటి జిట్రేగి పెట్టె మూతను కోత మిషన్లో పలుచగా కోయించాడు. అంతా నీటి అలల్లాంటి చారలే! “అక్కా, ఉండేది ఆ ఒక్క పలకే. మిషనుకిస్తే ఒక పూటలో రుద్ది ఇస్తామంటున్నారు, ఇద్దామా?” అని ఆమె అనుమానం.

వద్దమ్మా. గిటారు వీపు మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. మిషను ఒక్కచోట కాస్త ఆగిందంటే గుంట పడుతుంది. రుద్దేసిన చెక్క మళ్ళీ రాదు.

అలల చార అంటే లోపలి నార తిన్నగా లేక పైకీ కిందికీ ఒంపులు తిరగడం. వెలుతురు ఒక్కోచోట ఒక్కోలా పడి మెరిసేది అందుకే. చిత్రిక పడితే పేళ్ళు లేచేదీ అందుకే. మన శేషాచలం ఎర్రచందనంలోనూ ఇలాంటి చార ఉన్న దుంగలకే విలువెక్కువ. జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యం మెడకు ఎర్రచందనమే మేలంటారు. అలాగని అనుమతి కాగితాలు లేని ఎర్రచందనం జోలికి పోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. అది నేరం.

ఇక పని సంగతి. బేతంచెర్ల బండలకు పాలిష్ పట్టడం చూశారా? ముందు గరుకు రాయి, తర్వాత సన్న రాయి. ఇదీ అంతే. ఉప్పుకాగితం వెనక నంబరుంటుంది. నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నం. 120తో మొదలుపెట్టి 180, 220, 320 వరకు వరసగా పోవాలి. మధ్యలో ఒకటి వదిలేస్తే ముందరి గీతలు అలాగే ఉండిపోయి, పాలిష్ వేశాక బయటపడతాయి.

కాగితాన్ని వట్టి వేళ్ళతో పట్టుకోకుండా చదునైన చెక్కముక్కకు చుట్టి రుద్దాలి. లేకపోతే మెత్తని చోట పల్లం పడుతుంది. పలక పొడవునా, ఒకే వైపు, తేలిగ్గా రుద్దాలి. అలలు అడ్డంగా కనిపిస్తున్నాయని అడ్డంగా రుద్దకూడదు. నంబరు మార్చినప్పుడల్లా పొడి బాగా దులపాలి. పాత గరుకు ఒక్క రవ్వ మిగిలినా కొత్త గీత పడుతుంది.

రాత్రిపూట బల్బును పలకకు పక్కగా పెట్టి చూస్తే పగలు కనపడని గీతలు కనిపిస్తాయి. చివర్లో బాగా పిండిన తడిబట్టతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. సన్నని నూగు లేస్తుంది. దాన్ని 320తో మెల్లగా తీసేస్తే చాలు. తడి ఎక్కువైతే మాత్రం పలక వంకర పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం దుమ్ము. జిట్రేగి పొడి కొందరికి ఒంటిమీద దద్దుర్లు తెస్తుంది. చెక్క దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ముక్కులో క్యాన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెప్పింది. కాబట్టి పని వసారాలో చెయ్యించండి, ముక్కుకు మంచి మాస్కు కట్టించండి. ఉబ్బసం ఉన్నవాళ్ళను దగ్గరికి రానివ్వకండి. పొడిని చీపురుతో ఊడ్చి లేపకుండా తడిగుడ్డతో ఎత్తాలి.

రోజుకు గంట చొప్పున చేసినా వారంలో పూర్తవుతుంది. పరీక్షలప్పుడు మాత్రం గుడ్డలో చుట్టి నీడన పెట్టెయ్యమనండి, చెక్క ఎక్కడికీ పోదు!

వచ్చే వారం నూనె జిడ్డు పట్టిన పాత పీటల సంగతి చూద్దాం.