మెతుకు లేని వైద్యం

రక్త క్యాన్సర్ బారిన పడిన పిల్లవాడు ఆసుపత్రిలో చేరిన రోజు నుంచే ప్రభుత్వ భోజనాల లెక్కలోంచి జారిపోతాడు. బడికి వెళ్లడు కనుక మధ్యాహ్న భోజనం అందదు. ఆరేళ్ల లోపు వాడైతే, ఊళ్లోని అంగన్‌వాడీ ఇచ్చే గుడ్డు, బాలామృతం హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న ఆసుపత్రి వరండాకు నడిచిరావు. ఆరు నెలల వయసు నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లల తిండిని 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం హక్కుగా గుర్తించింది. గుర్తించి, ఆ హక్కును ఒక తరగతి గదికి, ఒక హాజరుపట్టీకి కట్టేసింది. ఒంటికి తిండి మరీ అవసరమైన కాలంలోనే బిడ్డ ఆ పట్టీకి దూరమవుతున్నాడు. ఆరోగ్య శాఖ ఇది తన పని కాదనుకుంటుంది. స్త్రీ, శిశు సంక్షేమ శాఖకు, విద్యాశాఖకు ఆ బిడ్డ కనిపించడు. మూడు శాఖల మధ్య ఒక పళ్లెం ఖాళీగా ఉంది.

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. నయమయ్యే జబ్బు ఇది. సంపన్న దేశాల్లో దీని బారిన పడిన పిల్లల్లో సుమారు తొంభై శాతం మంది బతికి బట్టకడుతున్నారు. పేద దేశాలను కూడా కలుపుకొని, పిల్లల క్యాన్సర్లలో బతికి బయటపడేవారు 2030 నాటికి కనీసం 60 శాతం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుందంటే అంతరం ఎంతో ఊహించవచ్చు. ప్రధానమైన మందులు అక్కడా ఇక్కడా అవే. జబ్బు ఆలస్యంగా బయటపడటం, చికిత్స నడుమ ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు, మధ్యలోనే వైద్యం మానేసి ఇంటికి వెళ్లిపోవడం మన పిల్లలను ఎక్కువగా బలి తీసుకుంటున్నాయి. వీటిలో చివరి రెంటి వెనుక తిండి ఉంది.

మన పిల్లలు ఏ ఒంటితో ఆసుపత్రి మెట్లెక్కుతున్నారో అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. 2019-21 నాటి ఆ లెక్కల ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. ఎత్తుకు తగ్గ బరువు లేనివారు వరుసగా 16, 22 శాతం. రెండు నుంచి మూడేళ్లు సాగే కీమోథెరపీని మోయాల్సింది ఈ ఒళ్లే.

ఆ మందులేమీ సామాన్యమైనవి కావు. మొదటి నెలలో ఇచ్చే ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్ స్టెరాయిడ్లతో ఆకలి విపరీతమవుతుంది. బిడ్డ అర్ధరాత్రి లేచి కారప్పూస అడుగుతాడు, ముఖం ఉబ్బుతుంది. కన్నవారు ఒళ్లు చేశాడని సంబరపడతారు. లోపల మాత్రం కండ కరుగుతుంటుంది, ఎముక గుల్లబారుతుంటుంది. విన్‌క్రిస్టిన్ దవడలు నొప్పి పుట్టించి, మలబద్ధకం తెస్తుంది. ఆస్పరాజినేజ్ ఒక్కోసారి క్లోమగ్రంథిని వాచేలా చేస్తుంది, రక్తంలో చక్కెరను పెంచుతుంది. మెథోట్రెక్సేట్‌తో నోరంతా పూత పూసి గుటక కూడా దిగదు. కాలేయం, ప్లీహం వాచి, ఒంట్లో నీరు చేరిన బిడ్డను తూకం మీద నిలబెడితే వచ్చే బరువు నిజం చెప్పదు. అందుకే ఈ పిల్లల విషయంలో దండచేతి చుట్టుకొలతనూ చూడాలని నిపుణులు చెబుతున్నారు. అందుకు కావలసింది కొద్ది రూపాయల టేపే. గ్రామాల్లో అంగన్‌వాడీ కార్యకర్తల చేతిలో రోజూ ఉండేదే. కీమో మోతాదును ఒంటి విస్తీర్ణాన్ని బట్టి కడతారు కనుక ఎత్తూ బరువూ ఎలాగూ కొలుస్తారు. ఆ అంకెలను మందు లెక్కకు వాడుకుని వదిలేయకుండా, ఎదుగుదల పటం మీద చుక్కగా పెట్టి చూస్తున్న ఆసుపత్రులు ఎన్ని?

పోషణకూ ప్రాణానికీ ఉన్న ఈ ముడి కొత్తగా కనుగొన్నదేమీ కాదు. పోషణ లోపం ఉన్న లుకేమియా పిల్లలు మందులను తట్టుకోలేక వెనకబడుతున్నారని మెక్సికో వైద్యులు 1989లోనే చూపారు. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లల్లో చికిత్స మానేసేవారూ, జబ్బు తిరగబెట్టేవారూ ఎక్కువని మధ్య అమెరికా దేశాల్లో ఆ తర్వాత జరిగిన పరిశీలనలు తేల్చాయి. గ్వాటెమాలా అనుభవం మరీ ముఖ్యమైనది. చిక్కిన ఒంటితో వచ్చినా, మొదటి ఆరు నెలల్లో కోలుకున్న పిల్లలు చికిత్సలో మిగతావారితో సమానంగా నిలిచారు. అంటే పేదరికం తెచ్చిన నష్టాన్ని సకాలంలో పెట్టే అన్నం పూడ్చగలదు. మరో కొసన, అమెరికాలో ఊబకాయం ఉన్న పిల్లల్లో తొలి నెల చికిత్స తర్వాత జబ్బు జాడలు ఎక్కువగా మిగులుతున్నాయని గమనించి, అక్కడి వైద్యులు ఆహార నియమాన్నీ వ్యాయామాన్నీ చికిత్సలో కలిపి చూస్తున్నారు. ఏ కొస నుంచి చూసినా పళ్లెం ప్రొటోకాల్‌లో భాగమే.

మన ప్రభుత్వాలు ఏం చేశాయి? న్యాయంగా మాట్లాడాలంటే, చాలానే చేశాయి. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందు ఖర్చు అంచనా వినగానే బిడ్డను ఎత్తుకుని తిరుగు బస్సు ఎక్కిన తల్లిదండ్రులకు ఆ పథకం ఆసుపత్రి తలుపు తెరిచింది. 2023 డిసెంబరులో చికిత్స పరిమితిని తెలంగాణ రూ.10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ రూ.25 లక్షలకు పెంచాయి. అభినందించాల్సిందే. అయితే ఈ పథకాల చికిత్స ప్యాకేజీ దృష్టి మంచం మీదే ఉంది. మంచం మీద ఉన్నన్నాళ్లు భోజనం ఉంటుంది. లుకేమియా చికిత్సలో ఎక్కువ కాలం మాత్రం మంచం అవతలే గడుస్తుంది. చివరి దశలో నెలల తరబడి ఇంట్లోనే రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకోవాలి. అప్పటికి తండ్రి కూలి పోయి, అప్పు పెరిగి, ఇంట్లో పప్పు పలచనై ఉంటుంది. లక్షల రూపాయల మందును ఖాళీ కడుపులో పోయడం పొదుపు ఎలా అవుతుంది? ఇన్ఫెక్షన్‌తో తిరిగి చేరిన ప్రతిసారీ ఆ ఖర్చు మళ్లీ ఖజానాదే కదా!

నిధుల కొరత అనే జవాబు చెల్లదు. క్షయ రోగులకు తిండి కోసం 2018 ఏప్రిల్ నుంచి నెలకు రూ.500, 2024 నవంబరు నుంచి రూ.1,000 నిక్షయ్ పోషణ్ యోజన కింద నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఆహారం చికిత్సలో భాగమేనని భారత ప్రభుత్వం స్వయంగా ఒప్పుకున్న సందర్భమది. క్షయకు వర్తించిన సూత్రం క్యాన్సర్ పిల్లలకు ఎందుకు వర్తించదో ఏ మంత్రీ ఇంతవరకు చెప్పలేదు. క్షయ అంటుకుంటుంది, ఇది అంటుకోదు అన్నదే తేడా అయితే, మన ప్రజారోగ్యం ఇరుగుపొరుగు భద్రత కోసమే తప్ప రోగి కోసం కాదని అర్థం చేసుకోవాల్సి వస్తుంది. ఈ పోలిక ఇక్కడితో ఆగదు. తిండిని వైద్యం నుంచి వేరు చేసే ఈ పద్ధతిని సమ్మతిస్తే తలసీమియా బిడ్డకూ, డయాలసిస్ మీద ఉన్న కూలీకీ రేపు ఇదే సమాధానం దొరుకుతుంది.

ఆ ఖాళీని ఇప్పుడు దాతలు పూడుస్తున్నారు. ముంబయి కేంద్రంగా నడిచే కడల్స్ ఫౌండేషన్ వంటి సంస్థలు క్యాన్సర్ ఆసుపత్రుల్లో పోషకాహార నిపుణులను నియమించి పిల్లలకు ఆహారం అందిస్తున్నాయి. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు దూరం నుంచి వచ్చిన కుటుంబాలకు ఉచితంగా గూడునిస్తున్నాయి. వారికి చేతులెత్తి మొక్కాలి. కానీ దాత ఉన్న వార్డులో చేరిన బిడ్డ అదృష్టం దాత లేని వార్డులోని బిడ్డకు ఉండదు.

డబ్బులు వేసి చేతులు దులుపుకోవడమూ పరిష్కారం కాదు. ఆసుపత్రిలో ‘పచ్చివి పెట్టవద్దు’ అన్న ఒక్క మాట ఇంటికి చేరేసరికి పెద్ద పథ్యంగా మారుతుంది. వేడి చేస్తుందని గుడ్డు, చలువ చేస్తుందని పెరుగు, పైత్యమని పప్పు ఒక్కొక్కటే మాయమై, చివరకు బిడ్డకు చారన్నం మిగులుతుంది. చుట్టాలు తెచ్చిన బలం టానిక్ మరో ప్రమాదం. అందులోని ఫోలిక్ ఆమ్లం మెథోట్రెక్సేట్ పనికి అడ్డు తగలవచ్చు. ఈ సంగతి తెలుగువారికి ఎవరో వచ్చి చెప్పాల్సిన అవసరం ఉండకూడదు. స్ప్రూ అనే పేగుల వ్యాధికి ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని వెలికితీసిన బృందానికి నాయకుడు. లుకేమియా పిల్లలకు ఆ విటమిన్ రూపాలు ఇస్తే జబ్బు విజృంభిస్తోందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గమనించాక, దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌ను అందించిందీ ఆ ప్రయోగశాలే. 1947లో పిల్లల లుకేమియాకు కీమోథెరపీ అలా మొదలైంది. ఒక పోషకం గుట్టు విప్పడంతో పుట్టిన వైద్యానికి, ఆ శాస్త్రవేత్త పుట్టిన నేలపైనే పోషకాహార నిపుణుడి పోస్టు అనవసర ఖర్చుగా కనిపిస్తోంది.

ప్రాణం దక్కాక ఎదుగుదల సంగతి మరింత అనాథ. తీవ్రమైన చికిత్స సాగే నెలల్లో ఎత్తు పెరగడం మందగిస్తుంది. చాలామంది తర్వాత అందుకుంటారు. మెదడుకు రేడియేషన్ అవసరమైన చిన్నపిల్లల్లో ఎదుగుదల హార్మోను తగ్గి, పొట్టిగా మిగిలిపోయేవారూ ఉన్నారు. సకాలంలో పట్టుకుంటే చాలావరకు సరిచేయవచ్చు. అందుకు చివరి మాత్ర వేసుకున్నాక కూడా ఏళ్ల తరబడి బిడ్డను పిలిచి కొలవాలి. చికిత్స పూర్తయినవారి కోసం ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 1991లోనే ప్రత్యేక క్లినిక్ తెరిచింది. మన పథకాల్లో మాత్రం చివరి బిల్లుతో బిడ్డ ఫైలు మూసుకుపోతుంది.

కావలసిన జ్ఞానం మన గడప దాటి లేదు. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది, ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం రెడ్‌హిల్స్‌లో ఉంది, రెండూ హైదరాబాద్‌లోనే. తెర తీయాల్సింది సచివాలయాలే. లుకేమియా ప్యాకేజీలో చివరి దశ ముగిసేదాకా నెలనెలా పోషణ భత్యం చేర్చాలి. పిల్లల క్యాన్సర్ వార్డున్న ప్రతి ఆసుపత్రిలో పోషకాహార నిపుణుడిని నియమించడాన్ని గుర్తింపు షరతుగా పెట్టాలి. బడి మానిన బిడ్డ వాటా బియ్యం, గుడ్లు ఇంటికో ఆసుపత్రికో చేరాలి. 2020లో కోవిడ్‌తో బడులు మూతపడినప్పుడు మధ్యాహ్న భోజనానికి బదులు సరుకులు ఇళ్లకు పంపిన అనుభవం ప్రభుత్వాలకు ఉంది. వీటిలో దేనికీ శాసనసభ ఆమోదం అక్కర్లేదు, ఉత్తర్వులు చాలు. వాటిపై ఏ మూడు శాఖల కార్యదర్శులు సంతకం చేయాలో ఇద్దరు ముఖ్యమంత్రులకూ తెలుసు.